మా చేతుల్లోనే ఆగిపోయింది

బడుల్లోకి వచ్చిన కంప్యూటర్లు పిల్లలకు ఎందుకు అక్కరకు రాలేదని ఎవరైనా అడిగితే మా ఉపాధ్యాయుల దగ్గర జవాబులు సిద్ధంగా ఉంటాయి. కరెంటు ఉండదు, నెట్ రాదు, చెడిపోతే బాగుచేసే దిక్కుండదు, ఇచ్చే శిక్షణ మొక్కుబడి. వీటిలో ఒక్కటీ అబద్ధం కాదు. అయితే ఇన్నేళ్లూ వీటినే చెప్పుకుంటూ, ఇవన్నీ పోగా ఇంకా ఎంత మిగులుతుందో చూసుకోకుండా తప్పించుకున్నాం. ఆ మిగిలిందంతా మా బాధ్యతే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో 2008 ప్రాంతంలో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలకు పెద్ద ఎత్తున కంప్యూటర్లు వచ్చాయి. ప్రైవేటు ఏజెన్సీలతో అయిదేళ్ల ఒప్పందం, నేర్పడానికి శిక్షకులనూ వాళ్లే పెట్టారు. మేం చేసిన మొదటి పని ఆ గదికి తాళం వేయడం. పోతే ఎవరు కట్టుకోవాలన్న భయం అది. ఉత్త భయమూ కాదు, స్టాకు రిజిస్టరులో సంతకం హెచ్ఎం గారిది. కానీ ఆ భయాన్ని ఎంత తేలిగ్గా నియమం చేసుకున్నామో తలుచుకుంటే బాధేస్తుంది. చెప్పులు బయట విడవాలి, కీబోర్డు ముట్టకూడదు, సారు చేస్తుంటే చూడాలి. పక్క గదిలో పొద్దస్తమానం ఉన్న ఆ శిక్షకుల చేత మార్కుల జాబితాలు టైపు చేయించుకున్నాం కానీ, వాళ్ల పక్కన కూర్చుని నేర్చుకున్నవాళ్లం మాలో ఎందరం? గడువు తీరి వాళ్లు వెళ్లిపోతే ఆ పిరియడ్లను లెక్కలకూ సైన్సుకూ సర్దుకున్నాం. పదో తరగతి ఫలితాలకు అదే మేలని నమ్మాం కూడా. పిల్లల తరఫున ఎవరినైనా అడగాలని చాలామందికి తోచలేదు. తోచినవాళ్లమూ ఊరుకున్నాం.

అడగడం మాకు చేతకాక కాదు. 2022 ఆగస్టులో ఉపాధ్యాయులకు ముఖ హాజరు యాప్ వచ్చినప్పుడు మా సంఘాలు గట్టిగానే మాట్లాడాయి. ఆ పోరాటం న్యాయమైనదేనని ఇప్పటికీ అనుకుంటాను. కంప్యూటర్ గది మూతపడినప్పుడు మాత్రం మా మండలంలో ఎవరైనా ఒక వినతిపత్రం రాసినట్టు నాకు గుర్తులేదు. నేనైతే రాయలేదు.

యంత్రాన్ని వాడినప్పుడు కూడా ఏం జరిగిందో నా పాఠం నుంచే చెబుతాను. నేను చెప్పేది భౌతిక రసాయన శాస్త్రం. పదో తరగతి రసాయన చర్యల పాఠంలో ఒక కృత్యం ఉంది. బీకరులో కొంచెం పొడి సున్నం వేసి, నెమ్మదిగా నీళ్లు పోసి, బీకరును తాకి చూడమంటుంది పుస్తకం. సున్నం బుసబుసా పొంగుతుంది. తాకిన పిల్ల చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంటుంది, మళ్లీ తాకుతుంది, పక్కపిల్ల చెయ్యి పట్టుకుని తాకిస్తుంది. నిప్పు లేకుండా వేడి ఎక్కడిది సార్ అని ఎవరో ఒకరు అడిగి తీరతారు. ఉష్ణమోచక చర్య అన్న మాట అప్పుడు చెబితే చాలు, ఇక మరిచిపోరు.

ఐఎఫ్‌పీ ప్యానెల్ (వేలితో తాకి పనిచేయించే పెద్ద తెర) వచ్చాక ఈ కృత్యాన్ని వీడియోలో చూపిస్తున్నాం. వీడియో చక్కగా ఉంటుంది, క్షణాల్లో అయిపోతుంది. వెనక బెంచీలకు నా బీకరు ఏనాడూ సరిగా కనిపించలేదు, ప్యానెల్ మీద అందరికీ కనిపిస్తుంది. అది మేలే, కాదనను. వేడి మాత్రం ఎవరి చేతికీ తగలదు. ఆ ప్రశ్న కూడా రావడం లేదు. సున్నానికి పెద్ద ఖర్చేమీ లేదు. బీకర్లు కడగాలి, ఎవరి కంట్లోనైనా పడుతుందేమోనని కాచుకుని ఉండాలి, గంట కొట్టేలోగా అన్నీ సర్దాలి. ఆ శ్రమ తప్పిందని ఊపిరి పీల్చుకున్నాం. వీడియో నడుస్తుంటే కుర్చీలో కూర్చుని ఫోనులో ఆ పూట పంపాల్సిన వివరాలు నింపాం. పిల్లలు చప్పుడు చేయడం లేదు కాబట్టి వింటున్నారనుకున్నాం. అలా అనుకోవడంలో మాకు సుఖం ఉంది. కంటి లోపలి భాగాలో, గ్రహాల కదలికో చేత్తో చూపించలేం, వాటికి ప్యానెల్ వాడుకుని, చేత్తో చేయగలిగినవన్నీ పిల్లల చేతనే చేయించాల్సింది. ఇంత మామూలు సంగతి మా స్టాఫ్ రూములో ఏనాడూ మాట్లాడుకోలేదు.

2020లో బడులు మూతపడి ఉన్నప్పుడు ఉపాధ్యాయులకిచ్చే నిష్ఠ శిక్షణ దీక్ష అనే ఆన్‌లైన్ వేదిక మీదికి వచ్చింది. అందులో వినదగ్గవి ఉన్నాయి, తరువాత కొన్ని విన్నాను కనుక చెబుతున్నాను. అప్పుడు మాత్రం వీడియో దానంతటది నడిచేలా ఫోను చార్జింగులో పెట్టి వేరే పనులు చూసుకున్నాం. చివరి ప్రశ్నలకు జవాబులు వాట్సాప్ గ్రూపులో వచ్చేవి. సర్టిఫికెట్లు అందరికీ వచ్చాయి. గ్రూపులో ఆ జవాబులు పెట్టినవాళ్లను మేమెవరం వారించలేదు, కృతజ్ఞతలు చెప్పాం. రెండేళ్లకు ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చినప్పుడు కొందరు లాక్ తీసేసి ఆటలాడుతున్నారని అదే గ్రూపులో వాపోయాం. క్లాసులో ఆ ట్యాబ్ తెరిపించి, వాళ్ల పక్కన కూర్చుని పాఠం చేయించిన పిరియడ్లు మాత్రం బహు తక్కువ.

ఏటా జూన్‌లో వార్షిక ప్రణాళిక రాస్తాం. అందులో సాంకేతికత గురించి నా లక్ష్యాలు ఇలా ఉంటూ వచ్చాయి: ప్యానెల్ వినియోగిస్తాను, వీడియో చూపిస్తాను, పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి వివరిస్తాను. అన్నీ నేను చేసే పనులే. పిల్ల ఏం చేస్తుందో ఎక్కడా రాయలేదు. ఊళ్లో బావుల నీటిమట్టం నెలనెలా కొలిచి తెచ్చి, కంప్యూటర్‌లో ఎక్కించి, గ్రాఫు గీసి, వేసవిలో గీత ఎందుకు దిగిందో క్లాసుకు వాళ్లే చెప్పాలని ఒక్క ఏడాదైనా రాసి ఉండొచ్చు. తనిఖీకి వచ్చినవాళ్లు అడగలేదు కాబట్టి రాయలేదంటే అది సగం నిజం. రాస్తే చేయించాల్సి వస్తుందని నాకు తెలుసు. ఈ మాట నా ఒక్కడిదే అయితే ఇక్కడ రాసేవాణ్ణి కాదు. ఒకరి ప్రణాళిక చూసి ఒకరం రాసుకున్నవాళ్లమే అందరం.

2025 మెగా డీఎస్సీ ఉపాధ్యాయ నియామకాల్లో ఎంపికైన కొత్తవాళ్లు ఇప్పుడు బడుల్లో చేరారు. యంత్రాలంటే మాకున్న జంకు వాళ్లకు లేదు. ప్యానెల్ మీద మేం ఎప్పుడూ తెరవని సాధనాలు తెరిచి, పిల్లల్ని పిలిచి, వాళ్ల చేత్తోనే బొమ్మలు కదిలించమంటున్నారు. చురుగ్గా ఉన్నారు, ఫోను బాగా వాడతారు అనుకుని మేం వాళ్లకు మొట్టమొదట అప్పజెప్పిన పని రోజూ మధ్యాహ్న భోజనం ఫొటోలు అప్‌లోడ్ చేయడం. వాళ్లలో ఒకరు మూడో పిరియడ్ మధ్యలో క్లాసు వదిలి వంటషెడ్డుకు వెళుతుంటే వరండాలో నిలబడి చూశాను. ఆ ఫోను ఇటివ్వమ్మా, నేను తీసి పంపుతాను, నువ్వు క్లాసుకు వెళ్లు అనాల్సింది. అనలేదు.