బేగంపేట రన్‌వే ఊరి ఆస్తి, విమానాల అడ్డా కాదు

బేగంపేట విమానాశ్రయాన్ని మళ్లీ తెరవాలన్న కోరిక హైదరాబాద్‌లో చావదు. శంషాబాద్ విమానాశ్రయం దారిలో వాహనాలు బారులు తీరినప్పుడల్లా, విమానం టికెట్ కంటే క్యాబ్ బిల్లే బరువనిపించినప్పుడల్లా అది లేచి కూర్చుంటుంది. అల్వాల్, తార్నాక, మల్కాజిగిరి వాసులకు తెల్లవారుజామున ఆరు గంటల విమానమంటే రాత్రి నిద్ర లేనట్టే. ఇంటికి కూతవేటు దూరంలో మూడు కిలోమీటర్ల పైచిలుకు రన్‌వే ఉంది. ప్రధానమంత్రి దిగడానికి పనికొచ్చేది తాము విజయవాడకో తిరుపతికో ఎక్కడానికి ఎందుకు పనికిరాదని వారు అడుగుతున్నారు. అడగవలసిన ప్రశ్నే. అయినా ప్రయాణికుల సర్వీసులకు బేగంపేటను తెరవకూడదు. ఆ మాట ప్రభుత్వం ఇప్పుడే, ఎటువంటి మెలికా లేకుండా చెప్పాలి.

ఇప్పుడే ఎందుకంటే, 2033 ఎంతో దూరం లేదు. శంషాబాద్ కోసం 2004 డిసెంబరులో కేంద్రం కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం, అది ప్రారంభమైన నాటి నుంచి పాతికేళ్ల పాటు 150 కిలోమీటర్ల వైమానిక దూరంలో దానికి పోటీ విమానాశ్రయం ఉండకూడదు. 2008 మార్చి 23న శంషాబాద్ మొదలైంది, బేగంపేట మూతపడింది. ఆ పాతికేళ్లు 2033 మార్చితో నిండుతాయి. మన రాజకీయ పక్షాల సంగతి తెలిసిందే కనుక, 2028 శాసనసభ ఎన్నికల నాటికే ‘బేగంపేట తెరిపిస్తాం’ అన్న హామీ ఏదో ఒక ప్రణాళికలోకి ఎక్కినా ఆశ్చర్యం లేదు.

మూసివేతను ఆనాడే ప్రశ్నించినవారున్నారు. విమానాశ్రయాల ప్రాధికార సంస్థ ఉద్యోగులు 2008 మార్చిలో దేశవ్యాప్తంగా సమ్మెకు దిగారు. సీతారాం ఏచూరి అధ్యక్షతన ఉన్న పార్లమెంటు స్థాయీ సంఘం బేగంపేటను, బెంగళూరులోని హెచ్‌ఏఎల్ విమానాశ్రయాన్ని కొనసాగించాలనే అభిప్రాయపడింది. ప్రజల సొమ్ముతో కట్టినదాన్ని ప్రైవేటు సంస్థ లాభం కోసం మూయడమేమిటన్న ఆ వాదనలో పస లేకపోలేదు. పోటీ లేని చోట రుసుములు పెరుగుతాయన్నదీ నిజమే; శంషాబాద్‌లో టికెట్ కొన్న ప్రతివారూ యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు రూపంలో దాన్ని చూస్తూనే ఉన్నారు. కానీ 2008లో నడుస్తున్న విమానాశ్రయాన్ని నడవనివ్వండి అనడం వేరు. ఇన్నేళ్ల తర్వాత, ఇంత పెరిగిన ఊరి నడుమ కొత్తగా రోజుకు పదుల కొద్దీ విమానాలను దించుతామనడం వేరు.

నిజాం కాలంలో, 1930లలో, ఈ విమానాశ్రయం రూపుదిద్దుకున్నప్పుడు అది ఊరి అంచు. నిజాం రైల్వే, టాటాలు కలిసి నడిపిన దక్కన్ ఎయిర్‌వేస్ విమానాలు తిరిగిన రోజుల్లో చుట్టూ మైదానమే. ఇవాళ ఒకవైపు రసూల్‌పురా, ప్రకాశ్‌నగర్ ఇరుకు గల్లీలు, మరోవైపు బోయినపల్లి, పడమరన సనత్‌నగర్. రోడ్డుకు అవతల బడి, ఆ రోడ్డు మీదుగా 2017 నుంచి మెట్రో. ప్యారడైజ్ నుంచి డెయిరీఫామ్ రోడ్డు వరకు తలపెట్టిన ఎలివేటెడ్ కారిడార్‌ను సైతం రన్‌వే దగ్గరకొచ్చేసరికి సొరంగంలోకి దించాల్సి వస్తోంది. నగరమే ఈ విమానాశ్రయాన్ని తప్పించుకుంటూ వంకరలు తిరుగుతుంటే, ఇక్కడికి మరిన్ని విమానాలు రప్పించడం ఏం వివేకం?

ప్రమాదం మాట ఎత్తితే భయపెడుతున్నారంటారు. 2010 మార్చి 3న ఇదే బేగంపేటలో విమాన ప్రదర్శన జరుగుతుండగా నౌకాదళ ‘సాగర్ పవన్’ బృందంలోని కిరణ్ విమానం న్యూ బోయినపల్లిలో జనం కాపురముంటున్న భవనంపై కూలింది. ఇద్దరు పైలట్లూ చనిపోయారు. అది ఇద్దరే కూర్చునే చిన్న శిక్షణ విమానం. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం పైకి లేచిన నిమిషం లోపే వైద్య కళాశాల వసతిగృహంపై పడి, విమానంలోని 241 మందితో పాటు కింద ఉన్నవారు 19 మంది బలయ్యారు. విమాన ప్రయాణం రోడ్డు ప్రయాణం కంటే ఎన్నో రెట్లు భద్రమైనదే, కాదనడం లేదు. కానీ ఏ అరుదైన రోజునైనా విమానం అదుపు తప్పితే కింద ఖాళీ నేల ఉండాలా, రసూల్‌పురా ఉండాలా అన్నది మన చేతుల్లో ఉన్న నిర్ణయం. ఆ మాటకొస్తే, బోయినపల్లి ఘటన తర్వాత కూడా వింగ్స్ ఇండియా విమాన ప్రదర్శన పేరిట అవే ఇళ్ల మీదుగా విన్యాసాలు సాగిస్తూ ఉండటం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. ప్రదర్శన స్టాళ్లు బేగంపేటలో పెట్టుకోవచ్చు. గిరికీలు మరెక్కడైనా కొట్టించాలి.

తెరవాలనేవారు బ్యాంకాక్‌ను చూపిస్తారు. 2006లో సువర్ణభూమి వచ్చాక మూసిన డాన్ ముయాంగ్‌ను కొన్ని నెలలకే, 2007 మార్చిలో, మళ్లీ తెరిచిన మాట వాస్తవం. అక్కడ పక్కపక్కనే రెండు పెద్ద రన్‌వేలు ఉన్నాయి, గుమ్మంలోనే రైల్వే స్టేషన్ ఉంది, కొత్త విమానాశ్రయం కొన్నేళ్లకే కిక్కిరిసింది. బేగంపేటకు ఉన్నది ఒక్కటే రన్‌వే. దానికి ఉత్తరాన హకీంపేట, వాయవ్యాన దుండిగల్ వైమానిక స్థావరాలు. శిక్షణ విమానాలతో ఆ ఆకాశమూ ఖాళీగా లేదు. ఇక శంషాబాద్ టెర్మినల్‌ను ఏటా 3 కోట్ల 40 లక్షల మందికి సరిపోయేలా విస్తరించారు. 2023-24లో వచ్చినవారు దాదాపు రెండున్నర కోట్లు. పెరిగే కొద్దీ కట్టుకోవడానికి దాదాపు 5,500 ఎకరాల ఆవరణ ఉంది. చోటు చాలక ఇబ్బంది పడుతున్న విమానాశ్రయం కాదది.

‘చిన్న విమానాలకే, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక పట్టణాలకే’ అనే మధ్యేమార్గం వినసొంపుగా ఉంటుంది. రాజమహేంద్రవరం నుంచి ఏటీఆర్‌లో బయల్దేరిన తల్లిదండ్రులను తలచుకోండి. కొడుకు దగ్గరికి డాలస్ వెళుతున్నారు. చెరి రెండు పెద్ద పెట్టెలు, వాటిలో ఆవకాయ, అప్పడాలు. బేగంపేటలో దిగి, ముప్పై కిలోమీటర్ల అవతల శంషాబాద్‌కు అవన్నీ ఈడ్చుకుంటూ పోవాలి. ఇప్పుడు ఒకే కప్పు కింద జరిగే పని అది. చిన్న ఊళ్ల విమానాలు బతికేదే ఇలాంటి కనెక్షన్ ప్రయాణికుల వల్ల. వారిని ఊరికి అటో భాగం ఇటో భాగం పంచితే ముందు ఎత్తేసేది ఆ చిన్న సర్వీసులనే.

అసలు నొప్పి రన్‌వేది కాదు, దారిది. తలనొప్పికి తలగడ మార్చి లాభం లేదు. శంషాబాద్ వచ్చిన మరుసటి ఏడాదే మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కట్టారు. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. ఆర్టీసీ పుష్పక్ బస్సులు నడుపుతోంది. రైలు మాత్రం రాలేదు. 2011లో ఢిల్లీకి, 2016లో చెన్నైకి విమానాశ్రయ మెట్రో వచ్చింది. ఇక్కడ 2022 డిసెంబరులో రాయదుర్గం-శంషాబాద్ మార్గానికి అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ శంకుస్థాపన చేశారు. ప్రభుత్వం మారగానే ఆ మార్గం అటకెక్కింది. నాగోలు, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా మరో మార్గం గీసి 2024 నవంబరులో కేంద్రానికి పంపారు. ఒక పార్టీ గీసిన గీతను ఇంకో పార్టీ చెరిపే ఈ ఆటలో సికింద్రాబాద్ ప్రయాణికుడు క్యాబ్‌లోనే కూర్చుండిపోయాడు. శంషాబాద్ సంస్థలో రాష్ట్ర ప్రభుత్వానికి 13 శాతం, కేంద్ర ప్రాధికార సంస్థకు మరో 13 శాతం వాటా ఉంది. లాభాల్లో వాటాదారులైనవారు ప్రయాణికుణ్ని అక్కడికి చేర్చే బాధ్యతలో ఎందుకు వాటాదారులు కారు? యూజర్ ఫీజు నిర్ణయించేటప్పుడు నియంత్రణ సంస్థ ముందు ప్రయాణికుల పక్షాన వాదించాల్సిందీ రాష్ట్రమే. ఒప్పందాన్ని 2068 వరకు పొడిగించినప్పుడు ఈ విషయాలపై గట్టిగా బేరమాడాల్సింది. ఆ అవకాశం చేజారింది.

150 కిలోమీటర్ల షరతు రాతిమీద గీత కాదని ఇప్పటికే రుజువైంది. ఆ పరిధిలోని బీదర్‌కు 2020లో విమానాలు మొదలయ్యాయి. వరంగల్ మామునూరుకు శంషాబాద్ సంస్థ అభ్యంతరం లేదన్నాక 2025 ఫిబ్రవరిలో కేంద్రం పచ్చజెండా ఊపింది. సడలింపు అంటూ ఉంటే అది దక్కాల్సింది వరంగల్‌కు. 1981 నుంచి ఎదురుచూస్తున్న ఊరది. డబ్బూ, అధికారుల శ్రద్ధా అటు పోవాలి.

తెరవొద్దంటే అమ్ముకోమని కాదు. నగరం నడిబొడ్డున ఉన్న అన్ని వందల ఎకరాలపై కన్ను పడనివారు ఉండరు. ప్రముఖుల రాకపోకలు, అత్యవసర వైద్య విమానాలు, పౌర విమానయాన పరిశోధన కేంద్రం, పైలట్ల శిక్షణ, వైమానిక దళ అవసరాలు అక్కడ సాగుతున్నాయి, సాగనివ్వాలి. అవి తగ్గిన రోజున ఆ నేల ఊరి జనానిది కావాలి. బెర్లిన్‌లో టెంపెల్‌హోఫ్ విమానాశ్రయాన్ని 2008లో మూసి, 2010లో మైదానాన్ని జనానికి వదిలారు. కొంత భాగంలో ఇళ్లు కడతామని పాలకులు అంటే 2014లో ఓటర్లు కుదరదన్నారు. పిల్లలు ఇవాళ ఆ రన్‌వే మీద సైకిళ్లు తొక్కుతున్నారు. ప్రయాణికుల సర్వీసులు ఉండవు, గజం కూడా అమ్మేది లేదు అన్న రెండు మాటలను శాసనసభ తీర్మానంగా చేసి, కేంద్రంతో రాతపూర్వకంగా ఒప్పించుకోవాలి. అది 2028 ఎన్నికల కంటే ముందే జరగాలి.

ఇది తెలంగాణకే పరిమితమైన వ్యవహారమూ కాదు. విశాఖపట్నం ఊళ్లోని విమానాశ్రయం నుంచి భోగాపురానికి మారే సందర్భంలో ఇవే వాదనలు వినిపిస్తున్నాయి, దూరం నలభై కిలోమీటర్లకు పైనే. నగరం నుంచి భోగాపురానికి రైలు ఎప్పటికి నడుస్తుందో, అంతవరకు మధురవాడ నుంచి, గాజువాక నుంచి బస్సులు ఎన్ని నిమిషాలకొకటి వేస్తారో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తేదీలతో సహా ప్రకటించాలి.