బీరువాలో కవిత్వం ఎవరిది?

బడి లైబ్రరీలో ఎన్ని పుస్తకాలున్నాయో చెప్పడానికి స్టాకు రిజిస్టరు చాలు. అవి ఎవరి చేతికి అందాయో తెలియాలంటే మరో లెక్క కావాలి. ఆ లెక్క మనం ఇంతవరకూ అడగలేదు.

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో పరిశోధన పనిమీద తిరుగుతున్నప్పుడు ఒక పాత హైస్కూలు బీరువాలో 'గోల్డెన్ ట్రెజరీ' పాత ప్రతి చూశాను. దాన్ని ఏం చేయాలనే దానిమీద అక్కడ రెండు అభిప్రాయాలున్నాయి. పాత పుస్తకాల వ్యాపారికి అమ్మి ఆ డబ్బుతో గైడ్లు కొందామని కొందరు, అపురూపమైనది కనుక తాళం వేసి ఉంచాలని కొందరు. ఆడపిల్లలకు చదివి వినిపించవచ్చు కదా అంటే, "వాళ్ళకిదేం అర్థమవుతుంది మేడం?" అన్నారు.

ఈ మాటను ఊరికే వదిలేయకూడదు. పాల్‌గ్రేవ్ 1861లో ఇంగ్లండులో వేసిన ఈ సంకలనం తర్వాత మన దేశంలోనూ పాఠ్యపుస్తకమైంది. అందులోని కవుల్లో స్త్రీలు వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే. వారిలో ఒకరు స్కాట్లండుకు చెందిన లేడీ ఆన్ లిండ్సే. ఆమె 'ఆల్డ్ రాబిన్ గ్రే'లో చెప్పింది ఒక పేదింటి పిల్ల కథ. తండ్రి చెయ్యి విరిగింది. ఆవును దొంగలు తోలుకుపోయారు. తల్లి మంచాన పడింది. మనసిచ్చినవాడు డబ్బు సంపాదించుకు రావడానికి ఓడెక్కాడు. చివరికి ఆ ఇంటికి ఇంత తిండి పెట్టిన ముసలాయన్ని ఆ పిల్ల చేసుకోవలసి వచ్చింది. ఈ పాట రాసింది తానేనని లిండ్సే దాదాపు 50 ఏళ్ళు పైకి చెప్పుకోలేదు.

ఇది మన పిల్లలకు అర్థం కాదా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ళ స్త్రీలలో 29 శాతం మందికి 18 నిండకుండానే పెళ్ళయింది. అప్పు, కరువు, ఇంట్లో జబ్బు - ఆడపిల్ల పెళ్ళిని ఇవి ఎలా నిర్ణయిస్తాయో తొమ్మిదో తరగతి పిల్లకు ఎవరూ నోట్సు చెప్పనక్కరలేదు. ఇంగ్లీషు కష్టమైతే టీచరు తెలుగులో చెప్పవచ్చు. అర్థం కాదనే సాకు వెనక, అర్థమైతే ఏమడుగుతారో అనే భయం ఉందని నా అనుమానం.

ఆ భయానికి కారణం ఈ నేలమీదే ఉంది. ఇక్కడికి దగ్గర్లోని కలిగిరి మండలం దూబగుంటలో, 1991 నాటి అక్షరాస్యతా ఉద్యమంలో కూలి స్త్రీలు రాత్రిబడిలో 'సీతమ్మ కథ' చదివారు. చదివి ఊరుకోలేదు. సారా దుకాణం మూయించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992లో ఉద్యమం జిల్లా అంతా పాకి సారా వేలంపాటలను అడ్డుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. తన బతుకు అచ్చులో కనిపించినప్పుడు స్త్రీ ఏం చేయగలదో చూపిన పుస్తకం ఆ పలుచని వాచకం. పాత ఇంగ్లీషు పుస్తకానికి వెల కట్టేవాళ్ళున్నారు. ఈ వాచకం ప్రతిని దాచిన బడి ఒక్కటి కూడా నా తిరుగుడులో కనిపించలేదు.

2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు 1 నుంచి 8 తరగతుల బడులన్నిటిలో లైబ్రరీ ఉండాలంటుంది. పత్రికలు, కథల పుస్తకాలతో సహా అన్ని విషయాల పుస్తకాలూ అందులో ఉండాలంటుంది. కాబట్టి అది హెడ్మాస్టరు దయ మీద ఆధారపడింది కాదు, పిల్లల హక్కు. గ్రామాల్లో పనిచేస్తున్న మన కార్యకర్తలు, బడికి వెళ్ళినప్పుడు మరుగుదొడ్ల గురించి అడిగినంత గట్టిగా లైబ్రరీ గురించి కూడా అడగాలి. ఇచ్చిన పుస్తకాల రిజిస్టరు చూడాలి. అందులో ఆడపిల్లల పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. స్కూలు యాజమాన్య కమిటీలోని తల్లుల చేత తీర్మానం పెట్టించాలి. పాత పుస్తకాలను అమ్మనివ్వకూడదు, తాళం కింద మగ్గనివ్వకూడదు. 'సీతమ్మ కథ' ప్రతి ఏ ఇంట్లోనైనా మిగిలి ఉంటే తెచ్చి, లిండ్సే పాట ఉన్న బీరువాలోనే పెట్టాలి. రెండూ ఆడపిల్లలే ముందు చదవాలి.