ఫోను మార్చారు, చిరునామా మార్చారా?

ఆఫీసు బల్లల మీది ఫోన్లన్నీ తీసేసి, నంబర్లను మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లోకి మార్చుకున్న ప్రతి యజమానికీ, ఆ మార్పు చేసిపెట్టే ప్రతి అడ్మిన్‌కీ ఇది రాస్తున్నాను. మాదాపూర్‌లోనో రుషికొండలోనో రాత్రి షిఫ్టులో కూర్చుని అమెరికా క్లయింట్ల ఫోన్లు నడుపుతున్న మనవాళ్లు మరీ శ్రద్ధగా చదవాలి. నంబరు మార్చి చిరునామా సంగతి వదిలేసి ఉంటే, ఆ ఆఫీసులో ఎవరో గుండె పట్టుకుని కూలబడిన రోజున అంబులెన్సు ఇంకో వీధికి వెళ్తుంది. ఆ రోజు రాకముందే, ఈ వారంలోనే చూసుకోండి.

పాత ల్యాండ్‌లైనుకు కదలకపోవడమే గొప్ప గుణం. గోడలోంచి వచ్చిన రాగి తీగ ఎక్కడ ఆగిందో ఫోను అక్కడే. అమెరికాలో దాని నుంచి అత్యవసర నంబరు 911 కొడితే, ఆ తీగ ఏ ఇంటికి వేశారో అవతల కూర్చున్నవాళ్ల తెర మీద పడేది. మాట పడిపోయిన మనిషి నంబరు నొక్కి రిసీవరు పక్కన పడేసినా, బండి ఎక్కడికి రావాలో వాళ్లకు తెలిసేది. టీమ్స్‌లో నంబరు మనిషి వెంట తిరుగుతుంది. పొద్దున ఆఫీసు మూడో అంతస్తులో ఉన్న ల్యాప్‌టాప్ సాయంత్రం ఇంటి వంటగదిలో ఉంటుంది, శనివారం అత్తగారి ఊళ్లో ఉంటుంది. నంబరు మాత్రం అదే. చిరునామా ఎవరో ఒకరు రాసిపెడితేనే ఉంటుంది, రాసింది సరైనదైతేనే పనికొస్తుంది.

నాకు ఎదురైనదే చెబుతాను. అమెరికాలో ఒక చిన్న క్లినిక్కు నంబర్లన్నీ టీమ్స్‌కి మార్చాం. మనకు తెల్లవారుజామున మూడు గంటలు. పని అయిపోయింది, టికెట్టు మూసేయడమే మిగిలింది. ఎందుకో ఆగి, రిసెప్షన్‌లో ఉన్నావిడను 933 కొట్టి స్పీకర్లో పెట్టమన్నాను. రికార్డు గొంతు ముందు నంబరు చదివింది, తర్వాత చిరునామా చదివింది. ఆవిడ ఒక్క క్షణం మాట్లాడలేదు. తర్వాత, "అది మా పాత బిల్డింగు అండీ, మేం ఖాళీ చేసి రెండేళ్లయింది" అంది. ఆ చిరునామా పాత ఫోను బిల్లులోంచి మా ఎక్సెల్ షీటులోకి, షీటులోంచి టీమ్స్‌లోకి ఎక్కింది. ఎక్కించింది నేనే. ఇరవై మంది పేర్ల పక్కన అదే గడిని కిందికి లాగి నింపాను. రోజూ ముసలివాళ్లూ పసిపిల్లలూ వచ్చిపోయే చోటది. ఆ టికెట్టు అలాగే మూసేసి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదలదు.

ఈ 933 సంగతి తెలియని అడ్మిన్లు ఇంకా ఉన్నారు. అమెరికాలో మైక్రోసాఫ్ట్ కాలింగ్ ప్లాను మీదో, ఆపరేటర్ కనెక్ట్ మీదో ఉన్న టీమ్స్ నంబరు నుంచి 933 కొడితే ఆ నంబరునూ, దానికి అంటించిన చిరునామానూ చదివి వినిపిస్తుంది. నిజంగా 911 కొడితే కాల్ నేరుగా ఆ ప్రాంతపు అత్యవసర కేంద్రానికి పోతుందా, లేక మధ్యలో ఒక స్క్రీనింగ్ కేంద్రంలో ఆగుతుందా అన్నదీ చెబుతుంది. అక్కడ ఆగిందంటే, ఒక మనిషి ఫోనెత్తి "మీరెక్కడున్నారు?" అని అడిగి, చిరునామా తెలుసుకున్నాకే ముందుకు పంపుతాడు. ఊపిరి అందని మనిషి ఆ ప్రశ్నకు ఏం జవాబు చెబుతాడు? సొంత టెలికాం కంపెనీ లైన్లను డైరెక్ట్ రూటింగ్ ద్వారా టీమ్స్‌కి కలుపుకున్నవాళ్లు, పరీక్షకు ఏ నంబరు కొట్టాలో ఆ కంపెనీనే అడగాలి. పరీక్ష పేరుతో 911కే కొట్టి అక్కడి లైను ఆపకండి.

ఈ విషయంలో అమెరికాలో చట్టాలు ఊరికే రాలేదు. 2013 డిసెంబరు 1న టెక్సస్‌లోని మార్షల్ పట్టణంలో, ఒక మోటల్ గదిలో కారీ హంట్ అనే తల్లి మీద విడిగా ఉంటున్న భర్త కత్తితో దాడి చేశాడు. అదే గదిలో ఉన్న ఆమె తొమ్మిదేళ్ల కూతురు గది ఫోనెత్తి నాలుగుసార్లు 911 నొక్కింది. ఒక్కసారీ కలవలేదు. బయటి లైను కావాలంటే ముందు 9 నొక్కాలని ఆ పిల్లకు తెలియదు. ఇంట్లో నేర్పినది నేర్పినట్టు చేసింది. కారీ బతకలేదు. ఆమె తండ్రి ఊరూరూ తిరిగి పోరాడితే 2018 ఫిబ్రవరి 16న కారీ పేరిట చట్టం వచ్చింది, 2020 ఫిబ్రవరి 16 నుంచి అమలైంది. ఆ తేదీ తర్వాత పెట్టిన ఏ ఆఫీసు ఫోన్ వ్యవస్థలోనైనా 911 నేరుగా కలవాలి. కలిసిన సంగతి ఆ భవనంలో ఫ్రంట్ డెస్కుకో సెక్యూరిటీకో తెలియాలి. రే బామ్ పేరు మీద వచ్చిన ఇంకో చట్టం, ఏ భవనం, ఏ అంతస్తు, ఏ గది అన్న వివరం కూడా కాల్ వెంట వెళ్లాలంటుంది. ఒకచోట స్థిరంగా ఉండే ఫోన్లకు 2021 జనవరి 6 నుంచి, ల్యాప్‌టాప్‌లాగా తిరిగే వాటికి 2022 జనవరి 6 నుంచి ఆ నిబంధన ఉంది. డాలస్ చుట్టుపక్కల ఎన్ని వేలమంది తెలుగువాళ్లున్నారో వేరే చెప్పక్కర్లేదు. అక్కడ కిరాణా కొట్టు, దంత వైద్యశాల, కన్సల్టెన్సీ నడుపుతూ ఇలాంటి ఫోన్ వ్యవస్థ పెట్టుకున్న ప్రతివాళ్లూ ఈ చట్టాల కిందికే వస్తారు.

టీమ్స్‌లో ఆ చోటు వివరం పంపే ఏర్పాటు లేక కాదు, ఉంది. ఆఫీసులో ఏ సబ్‌నెట్ ఏ అంతస్తుదో, ఏ వైఫై పెట్టె ఏ గదిలో ఉందో, ఏ స్విచ్ ఎక్కడుందో అడ్మిన్ సెంటర్‌లో నమోదు చేస్తే, ల్యాప్‌టాప్ దేనికి తగులుకుందో చూసి అది చోటును పోల్చుకుంటుంది. కానీ నమోదు చేసేది మనం. నెట్‌వర్క్ టీమువాళ్లు ఒక ఆదివారం వైఫై పెట్టెలన్నీ కొత్తవి బిగించి, ఫోన్ల టీముకు మాటమాత్రం చెప్పరు. సోమవారం నుంచి ఆ అంతస్తు టీమ్స్‌కి తెలియని చోటైపోతుంది. కాల్స్ మామూలుగానే వస్తూ పోతూ ఉంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లయితే తమ చిరునామాను యాప్‌లో తామే చూసి ఖాయం చేయాలి. ఆ సందేశం తెర మీదికి వచ్చినప్పుడు పక్కకు తోసేసేవాళ్లే ఎక్కువ. వీపీఎన్ ఉన్నచోట ఇంకా గందరగోళం, ఇంట్లో ఉన్న మనిషి ఆఫీసులో ఉన్నట్టు కనిపించే ప్రమాదం ఉంది. ఇంకొకటి. ఎవరైనా 911 కొడితే సందేశం అందుకోవాల్సిన వ్యక్తి పేరు ఒకటి పాలసీలో ఉంటుంది. ఆ మనిషి ఉద్యోగం మానేసి ఏడాదైనా ఆ పేరు అక్కడే ఉండటం నేను చూశాను.

చిరునామా అంతా సరిగ్గా ఉన్నా సాఫ్ట్‌వేర్ దారికి అడ్డం పడొచ్చు. 2021 చివర్లో అమెరికాలో ఒకాయన తన బామ్మకు పక్షవాతం వచ్చినట్టు అనిపించి, పిక్సెల్ ఫోన్లో 911 నొక్కితే కలవలేదు, ఫోను బిగుసుకుపోయింది. ఇంట్లో ల్యాండ్‌లైను ఉండబట్టి గండం గడిచింది. ఆరా తీస్తే, ఆండ్రాయిడ్ 10 లేదా ఆపై ఫోన్లలో టీమ్స్ యాప్ ఉండి, దాంట్లో లాగిన్ కాకుండా వదిలేస్తే ఆ రెండింటి మధ్య చిక్కు పడుతోందని గూగుల్ తేల్చింది. ఆ డిసెంబరులోనే టీమ్స్‌కి సవరణ వచ్చింది, ఆండ్రాయిడ్‌లో దిద్దుబాటు మరుసటి జనవరిలో వచ్చింది. ఆ లోపం పోయింది, నిజమే. అయినా వాడని యాప్ ఒకటి అడుగున పడి ఉండి ప్రాణం మీదికి తెచ్చిన సంగతి మరిచిపోకూడదు.

కరెంటు మాటేమిటి? రాగి తీగ ఫోనుకు ఎక్స్ఛేంజీ నుంచే కరెంటు వచ్చేది, ఊరంతా చీకటైనా మోగేది. ఇప్పుడు స్విచ్, రౌటరు, ఫైబర్ పెట్టె, ఈ మూడింటిలో ఏది ఆగినా ఆఫీసంతా మూగదవుతుంది. యూపీఎస్ కంప్యూటర్లకు పెట్టి ఈ పెట్టెలను మామూలు ప్లగ్గులో వదిలేసిన ఆఫీసులు బోలెడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకాక రోజుల తరబడి కరెంటు లేక, సెల్ సిగ్నల్ లేక అయినవాళ్ల కబురు తెలియక అల్లాడినవాళ్లకు ఈ మాట ఇట్టే అర్థమవుతుంది. ఇక 2023 జనవరి 25న మన మధ్యాహ్నం వేళ మైక్రోసాఫ్ట్ నెట్‌వర్క్‌లో ఒక మార్పు వికటించి టీమ్స్ గంటల పాటు తడబడింది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో నిలిచిపోయాయి. కంప్యూటరే ఫోనైన చోట ఆ రోజు ఫోను కూడా పోయింది.

మన దేశంలో పరిస్థితి ఇంకా జాగ్రత్తగా చూడాల్సింది. ఇంటర్నెట్ టెలిఫోనీ మీద 2017లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చేసిన సిఫార్సుల్లో, అత్యవసర కాల్స్ సౌకర్యాన్ని ప్రోత్సహించాలే గాని అప్పటికి తప్పనిసరి చేయనక్కర్లేదనీ, ఆ పరిమితిని వినియోగదారుకు స్పష్టంగా చెప్పాలనీ ఉంది. మీకు ఎవరైనా చెప్పారా? 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైన నాటి నుంచీ మనకు తెలుసు, అటు ఫోనెత్తినవాళ్లు ముందు అడిగేది ఊరు, వీధి, పక్కన ఏముంది అని. గుడి వెనక సందు, నీళ్ల ట్యాంకు ఎదురుగా అని చెప్పుకునే చిరునామాలు మనవి. వాటిని ఏ సాఫ్ట్‌వేరూ తనంతట తాను చెప్పలేదు. అందుకని ఇక్కడి ఆఫీసుల్లో 112, 108 కాల్స్ మొబైల్ నుంచే చేయమని సిబ్బందికి చెప్పండి. భవనం పేరు, అంతస్తు, దగ్గరి గుర్తు పెద్ద అక్షరాలతో రాసి ప్రతి అంతస్తులో గోడకు అంటించండి. సిగ్నల్ అందని సెల్లార్లలో, సర్వర్ గదుల్లో ఎవరైనా పడిపోతే ఏం చేయాలో ముందే అనుకోండి.

అమెరికాలో ఆఫీసున్నవాళ్లు రిసెప్షన్‌లోనైనా ఒక లైను టీమ్స్‌తో సంబంధం లేకుండా విడిగా ఉంచుకోండి. రౌటరును ఈరోజే యూపీఎస్‌కి కలపండి. ఈ రాత్రి షిఫ్టుకెళ్లే అడ్మిన్లు అవతలి ఆఫీసులో ఒక్కో అంతస్తు నుంచి ఒకరి చేత, ఇంటి నుంచి పనిచేసేవాళ్లందరి చేత 933 కొట్టించండి. వినబడిన చిరునామాను కాగితం మీద రాయించి, బయటికెళ్లి తలుపు మీది నంబరుతో పోల్చి చూడమనండి. పోలిక కుదరని పేర్లు ఎన్నుంటే అన్ని టికెట్లు, తెల్లారేలోగా తెరవండి.