గ్యాసుబండకి నవ్వులు, రీమ్యాపుకి చప్పట్లు

మా ఆఫీసులో కార్ల పిచ్చి ఉన్న మిత్రులు కొందరున్నారు. మారుతీ ఓమ్నీ వెనక సీటు కింద వంటగ్యాసు బండ పెట్టి నడిపేవాడి ఫోటో ఒకటి దొరికితే చాలు, ఆ పూటకి వాళ్ళకి కాలక్షేపమే. "జుగాడ్ చూడరా బాబూ" అని ఒకటే నవ్వులు. మాది బందరు చిలకలపూడి (రోల్డ్‌గోల్డ్ ఊరు కదా) కాబట్టి "మీ వైపు ఇంజన్లు కూడా గిల్టేనా?" అని నామీదో విసురు. గిల్టు సంగతికి తర్వాత వస్తా.

ముందు ఒకమాట. ఆ బండ ప్రమాదం కాదని నేననను. ప్రాణాంతకమే. వంటగ్యాసు గాలికన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే పైకి పోదు, వ్యాను అడుగునే పేరుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. కార్ల కోసం చేసిన గ్యాసు ట్యాంకులో 80 శాతం నిండగానే ఆపేసే వాల్వు ఉంటుంది, ఎండకి ద్రవం వ్యాకోచిస్తే చోటుండాలి కాబట్టి. 14.2 కిలోల ఇంటి బండని చేసింది వంటింట్లో కదలకుండా నిలబడటానికి, గోతుల రోడ్డు మీద పడుకుని దొర్లడానికి కాదు. పైగా అలాంటి వ్యాన్లలో కొన్నిట్లో స్కూలు పిల్లలు ఎక్కుతారు.

చెప్పాల్సింది ఇంత ఉంటే మనవాళ్ళు చెప్పేదేమిటి? హహహ. అంతే. ఆ నవ్వులో ఒక్క ముక్క సమాచారం లేదు. నవ్వించుకున్నవాడు బండ తీసేస్తాడా? దానిమీద ఇంకో గోనెసంచి కప్పుతాడు.

ఇక రెండో సగం. ఇదే మిత్రులు డీజిలు కారు ఈసీయూని రీమ్యాప్ చేయించి, ఈజీఆర్ మూయించి, డీపీఎఫ్ పీకించి వస్తారు. దానికి మాత్రం చప్పట్లు! టర్బో ప్రెషరు పెరిగింది, ఇంధనం పెరిగింది. బ్రేకులు, క్లచ్చు మాత్రం పాతవే. పీకేసిన ఫిల్టరు ఆపాల్సిన మసంతా వెనకొచ్చే ఆటోవాడి ఊపిరితిత్తుల్లోకి. ఎవడో రాసిన ఫైలు టెస్టింగు లేకుండా ప్రొడక్షన్లో పెడితే మన మేనేజరు ఊరుకుంటాడా? మరి 120 వేగంతో హైవే మీద పరుగెత్తే ప్రొడక్షన్లో ఎలా పెట్టారు స్వామీ?

రిజిస్ట్రేషన్ వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడాగా ఉండేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. "జీతం బాగా వచ్చేవాళ్ళు మార్చుకోవచ్చు" అని అందులో ఎక్కడా లేదు, నేను వెతికాను.

ఇప్పుడు గిల్టు సంగతి. చిలకలపూడి నగలో మోసం లేదండీ. పైన పల్చటి బంగారం పూతే అని చెప్పే అమ్ముతారు, తెలిసే కొంటారు. అసలు గిల్టు మీ రీమ్యాపుది. లోపల అదే రాగి, పైన ఇంగ్లీషు పేరు పూత. వాడు చేస్తే జుగాడ్, మనం చేస్తే ట్యూనింగు.

రెండూ సమానమని నేననట్లేదు. బండ ప్రమాదమే ఎక్కువ. కానీ అవసరం కూడా అతనిదే ఎక్కువ. అతను పెట్రోలు ఖర్చు తట్టుకోలేక చేశాడు, మనం సిగ్నలు దగ్గర పక్కవాడికన్నా ముందు దూకడానికి చేశాం.

అంచేత నవ్వే ఓపిక ఉన్నవాళ్ళు ఒక పని చెయ్యండి. మీ పిల్లలెక్కే వ్యాను వెనక సీటు ఓసారి ఎత్తి చూడండి. బండ కనబడితే ఫోటో తియ్యకండి. డ్రైవరుని పక్కకి పిలిచి, గ్యాసు కిందనే ఎందుకు పేరుకుంటుందో చెప్పండి. కార్లలో గ్యాసు వాడకానికి 2000లోనే చట్టం దారిచ్చింది, ఆమోదం ఉన్న కిట్టు పెట్టించి ఆర్సీలో ఎక్కించుకోమనండి. ఖర్చంటాడు, నిజమే. తల్లిదండ్రులందరూ తలా కాస్త వేసుకోండి. అది జరిగేదాకా పిల్లల్ని ఎక్కించకండి.

ఆ తర్వాత మీ కారు బానెట్టు కూడా ఓసారి ఎత్తండి.