తుపాకి ఉండాల్సిన చోటు

షూటింగ్‌లో పతకం వచ్చిన ప్రతిసారీ సన్మాన సభలో అర్జునుడి ప్రస్తావన వచ్చి తీరుతుంది. శాలువా కప్పుతారు, ఫొటోలు దిగుతారు, నగదు బహుమతి ప్రకటిస్తారు. ఆ ఆట పిల్లలు ఎక్కడ నేర్చుకోవాలి, రైఫిల్ ఎవరి దగ్గర ఉండాలి అని మాత్రం ఎవరూ అడగరు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన దేశానికి వచ్చిన ఆరు పతకాల్లో మూడు షూటింగ్‌వే. ఒలింపిక్స్‌లో వ్యక్తిగత స్వర్ణం ఇప్పటిదాకా ఇద్దరు భారతీయులకే దక్కింది. అందులో మొదటిది 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో గెలిచింది. 2012 లండన్‌లో అదే విభాగంలో కాంస్యం నెగ్గిన గగన్ నారంగ్ హైదరాబాద్‌లో పెరిగినవాడు. 2018లో 13 ఏళ్ల వయసుకే సీనియర్ జాతీయ టైటిల్ గెలిచి, ఆ తర్వాత హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చిన ఈషా సింగ్‌ది కూడా హైదరాబాదే. ఇంత జరిగినా తుపాకి అనగానే మనవాళ్లకు తట్టేవి రెండే: భయం, దర్జా. గురి అనేది కూడా ఒక విద్యేనన్న ఆలోచన మన ఇళ్లలోకి, బడుల్లోకి రావాలంటే ప్రభుత్వాలు లైసెన్సుల విషయంలో చేయి బిగించి, రేంజ్‌ల విషయంలో చేయి విప్పాలి. ఇప్పుడు నడుస్తున్నది దాదాపు దానికి తలకిందులుగా ఉంది.

దగ్గరగా చూడనివారికి ఇది తుపాకి పేల్చే సరదాలాగే కనిపిస్తుంది. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీనే తీసుకోండి. లక్ష్యం నడుమ పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. ఆవగింజ దానికంటే పెద్దది. టెలిస్కోపు పెట్టుకోకూడదు, దేనికీ ఆనుకోకూడదు. అయిదున్నర కిలోల దాకా బరువుండే రైఫిల్‌తో నిలబడి 75 నిమిషాల్లో 60 సార్లు కాల్చాలి. ఒక్కో గుండుకు గరిష్ఠంగా 10.9 పాయింట్లు. పాయింటులో పదో వంతు తేడాతో పతకాలు తారుమారవుతాయి. బీజింగ్‌లో ఆఖరి గుండుకు ముందు బింద్రా, ఫిన్లాండ్‌కు చెందిన హెన్రీ హక్కినెన్ సమానంగా ఉన్నారు. బింద్రా 10.8 కొట్టాడు. హక్కినెన్ 9.7 కొట్టి ఏకంగా కాంస్యానికి జారిపోయాడు. గుండె కొట్టుకుంటే వచ్చే ఆ కాస్త కదలికకే గొట్టం చివర వణుకుతుంది గనుక, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు ఈ ఆటలో నిషిద్ధం. ఆ మందు వాడి దొరికిన ఉత్తర కొరియా పిస్టల్ షూటర్ కిమ్ జోంగ్ సు బీజింగ్‌లోనే రెండు పతకాలు పోగొట్టుకున్నాడు. మిగతా ఆటల్లో ఒంటికి ఊపునిచ్చే మందులతో పట్టుబడుతుంటారు, ఇక్కడేమో నెమ్మదింపజేసే మందులతో.

రేంజ్ క్రమశిక్షణ ఇంకో ఎత్తు. కాల్చని సమయంలో ఎయిర్ రైఫిల్ గొట్టం నిడివంతా కొట్టొచ్చినట్టు కనిపించే రంగు తీగ ఒకటి దూర్చి ఉంచాలి. దాని కొస గొట్టం చివర బయటికి కనిపించాలి. లోపల గుండు లేదని దూరంగా ఉన్నవాళ్లకు సైతం ఒక్క చూపులో తెలియడానికి ఈ ఏర్పాటు. గొట్టం ఎప్పుడూ లక్ష్యం వైపే ఉండాలి. ఆపమని ఆదేశం వచ్చాక గుండు పేలిందంటే పోటీ నుంచే తప్పించవచ్చు. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చేవాడు పట్టుకున్నదీ తుపాకే, కానీ వాడికి ఈ చదువు లేదు. అలాంటి వేడుక కాల్పులకు రెండేళ్ల దాకా జైలు గానీ లక్ష రూపాయల దాకా జరిమానా గానీ రెండూ గానీ పడేలా 2019లో చట్టం మార్చాల్సి వచ్చిందంటే దర్జా రోగం ఎంత ముదిరిందో తెలుస్తుంది.

ఆ రోగానికి చరిత్ర ఉంది. 1878లో వైస్రాయ్ లిట్టన్ హయాంలో వచ్చిన ఆయుధాల చట్టం భారతీయులకు లైసెన్సు తప్పనిసరి చేసి, యూరోపియన్లను వదిలేసింది. తుపాకి ఎవరి చేతిలో ఉందో చూస్తే పాలకుడెవరో, పాలితుడెవరో తెలిసిపోయేది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి ముందుగా చేజిక్కించుకున్నది తుపాకుల్నే. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో నిబంధనలకు లోబడి ఆయుధం కలిగి ఉండే హక్కు కూడా ఒక అంశంగా చేరింది. రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దాన్ని ప్రాథమిక హక్కుగా చేర్చాలని సవరణ ప్రతిపాదిస్తే సభ ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే మంచిదైంది. అయితే 1959 చట్టం వచ్చాక కూడా లైసెన్సు అనేది పెద్దమనిషి తరహాకు గుర్తుగానే మిగిలింది. 2016 చివరినాటికి దేశంలో దాదాపు 33.7 లక్షల లైసెన్సులు ఉన్నట్టు కేంద్ర హోంశాఖ లెక్క చెప్పింది. అందులో ఒక్క ఉత్తరప్రదేశ్‌వే 12.8 లక్షల దాకా ఉన్నాయి. ఇన్ని లక్షల మందీ ఏ పోటీకీ తయారవుతున్నవాళ్లు కారని చెప్పడానికి సర్వేలు అక్కర్లేదు. మన రెండు రాష్ట్రాల్లో లైసెన్సుల మోజు అంత లేకపోయినా వెనక గన్‌మన్ ఉంటే ఎంత హోదానో అందరికీ తెలుసు.

ఆ ఉత్తరప్రదేశ్‌లోనే బాగ్‌పత్ జిల్లా జోహ్రీ అనే ఊరుంది. అక్కడ గ్రామస్థుల కోసం చిన్న రేంజ్ ఒకటి పెడితే, అరవై దాటిన చంద్రో తోమర్, ప్రకాశీ తోమర్ అనే తోడికోడళ్లు పిస్టల్ పట్టి పోటీల్లో పతకాలు తెచ్చారు. ప్రకాశీ కూతురు సీమా తోమర్ 2010 ప్రపంచకప్‌లో ట్రాప్ విభాగంలో రజతం గెలిచింది. తుపాకి మగవాడి భుజాన వేలాడే అలంకారంగా ఉన్న ప్రాంతంలో ఆడవాళ్ల చేతికి అది ఆటవస్తువుగా వచ్చింది. లైసెన్సు కాగితం అక్కడ తేలేని మార్పును నాలుగు గోడల రేంజ్ తెచ్చింది.

చట్టం ఈ తేడాను అసలు గుర్తించలేదనలేం. వ్యక్తికి మూడు తుపాకులకు మించకూడదని 1983లో పరిమితి పెట్టినప్పుడే, గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బు సభ్యులు గురి సాధనకు వాడే పాయింట్ 22 రైఫిల్‌కు, ఎయిర్ రైఫిల్‌కు ఆ లెక్క వర్తించదని రాశారు. క్లబ్బు, సాధన అనే రెండు మాటల్లో ఉండాల్సిన తెలివంతా ఉంది. 2019లో ఆ మూడును ఒకటికి కుదించాలని బిల్లు తెచ్చి, గొడవ జరిగాక రెండు దగ్గర స్థిరపడ్డారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో పేరున్న షూటర్లకు మినహాయింపును ఏడు ఆయుధాల నుంచి 12 దాకా పెంచారు. పతకాలు తెచ్చినవారికి వేర్వేరు విభాగాలకు వేర్వేరు ఆయుధాలు కావాలి కాబట్టి దాన్ని తప్పుపట్టను. ఆట మొదలుపెట్టాలనుకునే జిల్లా పిల్లవాడికి ఆ ఉత్తర్వుతో ఒరిగిందేమిటన్నదే నా ప్రశ్న. ఆ పిల్లవాడికి కావలసింది వారానికి మూడు సాయంత్రాలు తలుపు తెరిచే ఒక హాలు, అక్కడే ఉండే రైఫిల్, నేర్పే మనిషి.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. దాన్ని పక్కకు నెట్టి మాట్లాడటం నిజాయతీ కాదు. 1996 మార్చి 13న స్కాట్లాండ్‌లోని డన్‌బ్లేన్ ప్రాథమిక పాఠశాలలో 16 మంది పసిపిల్లల్నీ వాళ్ల టీచర్నీ కాల్చి చంపినవాడి దగ్గరున్నవి లైసెన్సు పిస్టళ్లే, వాడు గన్ క్లబ్బుల్లో తిరిగినవాడే. కాబట్టి ఈ సరదా ఉన్నవాళ్లంతా సాధువులని చెబితే నమ్మనక్కర్లేదు. కానీ ఆ ఘోరం మీద విచారణ జరిపిన లార్డ్ కలెన్ ఏమన్నారో చూడాలి. వాడనప్పుడు ఆ పిస్టళ్లను పనిచేయకుండా చేసి ఉంచాలి, అది కుదరకపోతే వ్యక్తుల దగ్గర ఉండనివ్వకూడదు అన్నారు. ఆట కంటే, ఆట అయ్యాక ఆయుధం ఎక్కడికి పోతోందన్నదే ఆయన్ను కలవరపెట్టింది. బ్రిటన్ చివరికి చేతి తుపాకుల్ని దాదాపు పూర్తిగా నిషేధించి, తన పిస్టల్ క్రీడాకారులు సాధనకు విదేశాలకు వెళ్లే పరిస్థితి తెచ్చుకుంది. రైఫిల్ క్లబ్బులు మాత్రం ఇప్పటికీ నడుస్తున్నాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో పోర్ట్ ఆర్థర్‌లో 35 మందిని పోగొట్టుకున్న ఆస్ట్రేలియా ఇంకో దారి పట్టింది. ఆత్మరక్షణ అనే కారణానికి లైసెన్సు ఇవ్వబోమంది. క్లబ్బు సభ్యత్వం ఉన్న క్రీడాకారుడికీ, నిబంధనలు పాటించే సేకర్తకూ తలుపు తెరిచే ఉంచింది. ఆ కఠిన చట్టం నీడలోనే మైకేల్ డైమండ్ 2000 సిడ్నీలో ట్రాప్ స్వర్ణాన్ని నిలబెట్టుకున్నాడు. మన దేశంలో తుపాకి హత్యల్లో అత్యధికం నాటు తుపాకులతో, తపంచాలతో, అంటే లైసెన్సు లేని ఆయుధాలతో జరిగేవేనని నేర గణాంకాలు చెబుతాయి. అయినా దాని చాటున లైసెన్సులు విరివిగా ఇచ్చేయమనడం మళ్లీ దర్జాకే దారి.

మరి ఆయుధాన్ని రేంజ్‌లోనే ఉంచడం మన దగ్గర సాధ్యమా? సాధ్యమేనని ఎన్‌సీసీ ఏళ్ల తరబడి చూపిస్తూనే ఉంది. మన కాలేజీల పిల్లలు ఖాకీ వేసుకుని పాయింట్ 22 రైఫిల్‌తో బోర్లా పడుకుని కాలుస్తారు. లెక్క ప్రకారం తూటాలు తీసుకుంటారు, కాల్చిన తొడుగులు ఏరి అప్పగిస్తారు, రైఫిల్ తిరిగి కోత్‌కు, అంటే ఆయుధాగారానికి, వెళ్లిపోతుంది. అజ్ఞాతవాసానికి ముందు ఆయుధాల్ని జమ్మిచెట్టు మీద దాచిన కథ దసరాకు చెప్పుకునే మనకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు.

రైఫిళ్ల సేకరణ సంగతికొస్తే, అది పైకి మరింత అనుమానాస్పదంగా కనిపించే సరదా. కాల్చని తుపాకులు పోగేసుకోవడం ఎందుకని అడుగుతారు. ఈశాపూర్ ఫ్యాక్టరీలో తయారైన పాత 303 రైఫిల్‌ను చేతిలోకి తీసుకుంటే జవాబు దొరుకుతుంది. మడమ కర్ర మొదలయ్యే చోట ఉన్న లోహపు పట్టీ మీద కిరీటం ముద్ర, దాని కింద రాజు పేరును సూచించే మూడు అక్షరాలు, తయారీ సంవత్సరం ఉంటాయి. రిపబ్లిక్ ఏర్పడ్డాక అదే ఫ్యాక్టరీలో, అదే నమూనాలో తయారైన వాటి మీద కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి. అధికార మార్పిడి ఇనుము మీద అచ్చుపడిన తీరు అది. పోలీసు చేతిలో తరాల పాటు ఉన్న ఆ 303ను ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 రిపబ్లిక్ డే నాడు సాగనంపారు. 303 సైనిక తూటా గనుక పౌరులకు నిషిద్ధమైతే, పౌరుల కోసం 315 బోరు రైఫిల్ అదే ఈశాపూర్‌లో తయారైంది. లండన్, బర్మింగ్‌హామ్ కంపెనీలు మన సంస్థానాధీశుల వేట కోసం చేసి పంపిన జోడు గొట్టాల రైఫిళ్లకు 1972 వన్యప్రాణి చట్టంతో పనిలేకుండా పోయింది. ఫిరంగులు పోతపోసిన గన్‌ఫౌండ్రీ పేరు మీద బస్టాపు ఉన్న నగరంలో, సాలార్‌జంగ్ మ్యూజియంలో పాత ఆయుధాల ముందు జనం ఆగి చూసే నగరంలో, ఈ వస్తువులకు చరిత్ర ఉందని వేరే చెప్పాలా?

2020 సవరణ ఇక్కడ ఒక మంచి పని చేసింది. పురాతన వస్తువుల కోవకు వచ్చే చిన్న ఆయుధాల్ని ఉంచుకోవడానికి పౌరులకు లైసెన్సు అక్కర్లేదంది. బయటికి తీసుకెళ్లాలన్నా వాడాలన్నా లైసెన్సు ఉండాలి, అందులో నమోదు కాకుండా తూటాలు అమ్మకూడదంది. ఆ కోవకు రాని, తాతల నాటి రైఫిళ్ల మాటేమిటి? యజమాని పోయాక వారసులు కాగితాల తిప్పలు పడలేక స్టేషన్లో అప్పగించి చేతులు దులుపుకుంటారు. వాటిని మ్యూజియం నిపుణులు ఒక్కసారి చూసే ఏర్పాటుండాలి. చరిత్ర ఉన్నవాటిని బ్రిటన్‌లో ప్రూఫ్ హౌస్‌లు చేస్తున్నట్టు శాశ్వతంగా పేలకుండా చేసి, ధ్రువపత్రమిచ్చి సేకర్తకు గానీ మ్యూజియానికి గానీ ఇవ్వొచ్చు. నిజమైన సేకర్తకు కావలసింది ఆ ముద్రలు, ఆ పనితనం. పేలితేనే కావాలనేవాడి ఆసక్తి చరిత్ర మీద కాదు.

షూటింగ్ డబ్బున్నవాళ్ల ఆట, బడిలో మైదానమే లేనప్పుడు రేంజ్ ఎందుకన్న మాటా వస్తుంది. పోటీ స్థాయి జర్మన్ రైఫిల్ ధర లక్షల్లోనే ఉంటుంది, కాదనను. అది సొంతంగా కొనుక్కోవాల్సి వచ్చినంత కాలం ఇది డబ్బున్నవాళ్ల ఆటే. క్లబ్బు రైఫిల్ ఒకటి ఉంటే పదిమంది వంతులవారీగా నేర్చుకుంటారు. శక్తి 20 జౌళ్లు మించని మామూలు ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సే అక్కర్లేదు. పది మీటర్ల రేంజ్‌కు మైదానం కూడా అవసరం లేదు, ఒక పొడవాటి గది, గట్టి వెనక గోడ, సీసం గుళ్లు చెల్లాచెదురు కాకుండా పట్టే పెట్టెలు చాలు. పైగా ఇది ఒంటి బలం చూసే ఆట కాదు. హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ వినికిడి లేకపోయినా బధిరుల ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచాడు. చక్రాల కుర్చీలో తిరిగే అవనీ లేఖరా వరుసగా రెండు పారాలింపిక్స్‌లో స్వర్ణం తెచ్చింది. 1992 బార్సిలోనాలో ఆడా మగా కలిసి పోటీపడిన స్కీట్‌లో చైనాకు చెందిన ఝాంగ్ షాన్ మగవాళ్లందర్నీ ఓడించింది. ఇన్ని రకాల పిల్లలకు సమానంగా చోటిచ్చే ఆటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ చేయాల్సింది పెద్దదేమీ కాదు. ప్రతి జిల్లా కేంద్రంలో పది మీటర్ల హాలు ఒకటి, క్లబ్బు పేర రైఫిళ్లు, తాళం వేసే ఆయుధాగారం, వీటికి బాధ్యుడైన కోచ్ ఉంటే చాలు. ఎన్‌సీసీతో ఒప్పందం చేసుకుంటే సగం ఏర్పాట్లు ఇప్పటికే ఉన్నాయి. ఇచ్చిన లైసెన్సుల్లో క్రీడల కోసం ఎన్ని, హోదా కోసం ఎన్ని అన్న లెక్క కూడా ఏటా బయటపెట్టాలి. మీ ఊళ్లో ఈసారి స్టేడియానికి శంకుస్థాపన జరిగినప్పుడు ప్లాన్‌లో రేంజ్‌కు గది ఉందో లేదో చూపించమని మీ ఎమ్మెల్యేను అడగండి.