హితబోధ చికిత్స కాదు

"పిచ్చి కుదిరినగాని పెండ్లి కాదు, పెండ్లి యైనగాని పిచ్చి కుదరదు" అను సామెతను మన పెద్దలు పరిహాసమునకు చెప్పిరి. మన యిండ్లలో మాత్రము అది నేటికిని చికిత్సావిధానముగా చెల్లుచున్నది. ముప్పదియేండ్ల కుమారుడు ఉద్యోగము విడిచి మూడుమాసములుగా గది వెడలి రాకున్నచో మొదట మందలింతురు, పిదప మ్రొక్కుకొందురు, తుదకు సంబంధము చూతురు. వచ్చిన పిల్లకు సంగతి చెప్పరు. ఒకరి బాధకు మందు వెదకక మఱియొక ప్రాణిని దానికి బలియిచ్చుట ఏ గృహస్థధర్మములో నున్నదో ఎఱిగినవారు చెప్పవలెను.

చదువుకొన్న కుటుంబములలో ఇప్పుడు మఱియొక మాట వినవచ్చుచున్నది: "కౌన్సెలింగు ఇప్పించితిమి." మంచిదే యని సంతోషించి, ఏమి జరిగినదని అడిగినచో తెలియునది ఇంతియే. ఒక పెద్దమనిషి గంటసేపు కూర్చుండబెట్టి ధైర్యము చెప్పెను, తల్లిదండ్రుల త్యాగమును జ్ఞాపకము చేసెను, తెల్లవారుజామున లెమ్మనెను. ఇది హితబోధ. హితబోధ చెడ్డదని మేమనము. బడిపంతులమైన మాకు అదియే జీవనాధారము. కాని అది చికిత్స కాదు. దిగులుచే మంచము విడువలేనివానికి లేచుట మంచిదని తెలియకపోలేదు. తెలిసియు లేవలేకపోవుటయే వాని వ్యాధి. తెలిసినదానినే మరల చెప్పుటవలన వాని సిగ్గు పెరుగును గాని బలము పెరుగదు.

కౌన్సెలింగు చికిత్స యనిపించుకొనవలెనన్న దానికి ముందుగా ఆలోచించి వ్రాసికొన్న ప్రణాళిక యుండవలెనని మా వాదము. ఒక దృష్టాంతమును కల్పించి చూతము. నలుబదియైదేండ్ల గుమాస్తా ఒకడు ఏడాదిగా ప్రతిరాత్రి త్రాగుచున్నాడు, నిద్ర పట్టదు, చిన్నమాటకు పళ్లెము విసరును, మఱునాడు కుమిలిపోవును. ఇంటివారు "కోపిష్ఠి" యని పేరు పెట్టిరి. శాస్త్రము తెలిసిన చికిత్సకుడు పేరు పెట్టుటకు తొందరపడడు. చచ్చిపోవలెనన్న తలంపు వచ్చుచున్నదా యని సూటిగా అడుగును. అడిగినంతమాత్రమున ఆ తలంపు పుట్టదు. భార్యాబిడ్డలకు దెబ్బలభయమున్నదేమో విచారించును. థైరాయిడు దోషము, వాడుచున్న మందులు మొదలగు శరీరకారణములను పరీక్షించుటకు వైద్యునియొద్దకు పంపును. ప్రతిదినము విశేషముగా త్రాగువాడు హఠాత్తుగా మానినచో మూర్ఛలును, ప్రాణాపాయమును కలుగవచ్చును. "రేపటినుండి మానివేయుము" అని ఒట్టు వేయించుకొను మిత్రుడు ఈ సంగతి ఎఱుగడు. చికిత్సకుడు ఎఱుగును, ఆ పనిని వైద్యుని పర్యవేక్షణలో జరిపించును.

విచారణ ముగిసిన పిదప గమ్యమును నిర్ణయింపవలెను. "మంచివాడు కావలెను," "సుఖముగా నుండవలెను" అనునవి గమ్యములు కావు; ఆశీర్వచనములు. కోపము రేగినపుడు చేయి ఎత్తక గది వెడలిపోవుట, వైద్యుడు చెప్పిన క్రమమున త్రాగుడు మానుట, ఆదివారము పిల్లలతో కలిసి భోజనము చేయుట, ఇవి గమ్యములు. నెరవేరినవో లేదో ఎవరైనను చెప్పగలరు. వీనిని నిర్ణయింపవలసినది బావమఱది కాదు. ఆ మనిషియు చికిత్సకుడును కలిసి నిర్ణయింపవలెను. ఇతరుల దేహరక్షణ యొక్కటి మాత్రము బేరమునకు లోబడదు.

గమ్యమునుబట్టి మార్గము. దిగులునకు, విడిచిపెట్టిన పనులను కొద్దికొద్దిగా దినచర్యలో మరల చేర్చు పద్ధతి కలదు. అకారణభయమునకు, భయపెట్టుదానిని మెట్టు మెట్టుగా ఎదుర్కొను పద్ధతి కలదు. 1960 దశకమున అమెరికా వైద్యుడు ఏరన్ బెక్ రూపొందించిన పద్ధతిలో, మనస్సున తటాలున మెదలు తలంపులను సాక్ష్యముతో పరీక్షించుట నేర్పుదురు. వ్యాధి తీవ్రమైనచో మందులును తోడు కావలెను. ఎన్ని వారములు, వారమునకు ఎన్నిమార్లు, ఎప్పుడు సమీక్ష, ఇవన్నియు మొదటనే చెప్పవలెను. గుణము కనబడుచున్నదో లేదో కొలువవలెను. దిగులును కొలుచుటకు తొమ్మిది ప్రశ్నల పట్టిక యొకటి లోకమంతట వాడుకలో నున్నది. గడచిన రెండువారముల స్థితినిగూర్చి ఒక్కొక్క ప్రశ్నకు 0 మొదలు 3 వఱకు అంకెలు వేసి, మొత్తము 27లో ఎంత యని చూతురు. అంకె తగ్గకున్నచో మార్గము మార్చవలెను. కొలత లేని చికిత్స, పిచ్చి కుదిరినది, రోకలి తలకు చుట్టుమన్నవాని మాటవంటిదే యగును.

"మనస్సు గణితమా? దానికి పట్టికలేమి?" అని కొందఱు రసజ్ఞులు ఆక్షేపింతురు. జ్వరమునకు ఉష్ణమాపకము పెట్టినంతనే రోగి యంత్రమై పోయెనా? కొలత మనిషికి బదులు కాదు. చికిత్సకుడు తన్ను తాను మోసగించుకొనకుండ కాపాడు కావలి. ప్రణాళిక యనగా శిలాశాసనమును కాదు. ప్రతి సమీక్షయందును దానిని దిద్దవలెను.

"మతి చలించినవాని నడుగుటయేమి? పెద్దలము మేము నిశ్చయింతుము" అనువారు మఱికొందఱు. వీరు సంప్రదాయమును సాక్షిగా పిలుతురు గనుక సంప్రదాయమునే చూతము. చరకసంహిత చికిత్సకు నాలుగు పాదములని చెప్పినది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. రోగికి ఉండవలసిన గుణములలో తన బాధను తాను తెలుపగలుగుటను చేర్చినది. నాలుగవపాదమును విఱిచి మంచము నిలబెట్టుదుమను పెద్దలకు చరకుడు తోడు రాడు. చట్టమును రాదు. 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము, తనకు ఏ చికిత్స కావలెనో, ఏది కూడదో ముందుగానే వ్రాసియుంచు హక్కును, తన పక్షమున మాటలాడుటకు ఒక ప్రతినిధిని నియమించుకొను హక్కును వయోజనునికి ఇచ్చినది, రహస్యము కాపాడుమన్నది, గొలుసులతో కట్టుటను నిషేధించినది. ఆ నిషేధమునకు వెనుక చితులున్నవి. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టబడిన రోగులు అగ్నిప్రమాదమున చిక్కుకొనగా 28 మంది మరణించిరి. వారినచ్చట విడిచివచ్చినవారు పగవారు కారు; బంధువులే. కుటుంబమును వెలివేయుమని మేమనము. దానికిని ప్రణాళికలో పని చూపవలె నందుము: ఏమి చేయవలెనో, ఏమి అనకూడదో, ఏ సూచన కనబడిన ఎవరిని పిలువవలెనో.

ఇక తుది ఆక్షేపణ: "ఇంతటి నిపుణులు మనకెచ్చట?" నిపుణులు తక్కువ యన్నది నిజమే. కాని గోవాలో జరిగిన పరిశోధన దీనికి సమాధానము చెప్పినది. అచ్చట ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో, పూర్వము మానసికచికిత్సలో ఎట్టి శిక్షణయు లేని స్థానికులకు విద్య గఱపి, తీవ్రమైన దిగులుతో బాధపడు వయోజనులకు ఆఱు మొదలు ఎనిమిది కూటముల ప్రణాళికాబద్ధమైన చికిత్స నిప్పించిరి. 2016 డిసెంబరులో లాన్సెట్ పత్రిక ప్రకటించిన ఫలితములనుబట్టి, మూడుమాసములకు ఆ చికిత్స పొందినవారిలో నూటికి 64 మందికి వ్యాధి ఉపశమించెను; కేంద్రములో మామూలు చికిత్సయే పొందినవారిలో 39 మందికి మాత్రమే. పట్టములు లేనివారు ఇంతపని చేయగలిగినది శిక్షణవలన, పైవారి పర్యవేక్షణవలన, ప్రతి కూటమునకు ఏమి చేయవలెనో నిర్ణయించిన ప్రణాళికవలన. అట్లగుటచే, నిపుణులు తక్కువైన దేశమునకే ప్రణాళిక ఎక్కువ అవసరము.

కావున పాఠకులకు మా మనవి యిది. మీ ఇంటివారిని ఏ కౌన్సెలరునొద్దకు తీసికొనిపోయినను అయిదు ప్రశ్నలు అడుగుడు: మీరు ఎచ్చట శిక్షణ పొందితిరి? బాధ యేమని నిర్ణయించితిరి? గమ్యమేమి, దానిని ఎవరితో కలిసి నిర్ణయించితిరి? గుణమును ఎట్లు కొలుతురు? గుణము లేకున్న ఏమి చేయుదురు? కోపగించుకొనువానియొద్దనుండి లేచి రండు. ఎచ్చటికి పోవలెనో తోచనివారికి 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవ కలదు. 14416 సంఖ్యకు రాత్రింబగళ్లు ఎప్పుడైనను ఉచితముగా, తెలుగులోనే మాటలాడవచ్చును. ముహూర్తమునకై పంచాంగము తిరుగవేయు శ్రద్ధలో సగము దీనికి చాలును. ఆ సగమునైన చూపక, "మా తలవ్రాత" యని నిట్టూర్చు తల్లిదండ్రులను ఓదార్చుటకు మాకు మనసు రాకున్నది.