లెక్కలెందుకు, మనవాళ్ళమే కదా!

ఇషా నమాజు ముగిశాక మా మిత్రుడొకరు ఇంటికి వెళ్ళకుండా మస్జిద్ మెట్ల దగ్గర మా కోసం నిలబడ్డారు. పొదిలిలో బట్టల దుకాణం నడుపుకునే మనిషి. ఆయన పెద్దమ్మాయి నాలుగేళ్ళు దంతవైద్యం చదివి, ఏడాది ఇంటర్న్‌షిప్ పూర్తి చేసి, మరో రెండేళ్ళు ఒంగోలులో ఒక వైద్యుని దగ్గర పనిచేసింది. ఇప్పుడు సొంత ఊళ్ళోనే పళ్ళ ఆస్పత్రి తెరుస్తోంది. "మౌలానా, ప్రారంభం నాడు మీరొచ్చి దుఆ చేయాలి" అన్నారాయన. డబ్బు ఎలా సమకూరిందని మేము అడిగాము. దుఆ కోరి వచ్చిన మనిషిని డబ్బు గురించి ప్రశ్నించడం మర్యాద కాదని తెలుసు. అయినా అడిగాము. కారణం తర్వాత చెబుతాము.

ఆ అమ్మాయి నగరం వదలి ఇక్కడికే రావడం మాకు ఎంతో సంతోషం కలిగించింది. నీటిలోని ఫ్లోరైడ్ వల్ల మనుషుల పళ్ళు, ఎముకలు దెబ్బతింటున్నాయని వైద్యులు మన దేశంలో మొట్టమొదట 1937లో నమోదు చేసింది ఈ ప్రాంతంలోనే. నాడు ఇది నెల్లూరు జిల్లాలో ఉండేది. పళ్ళు ఇంకా చిగుళ్ళలోపల రూపుదిద్దుకునే వయసులో ఆ నీరు తాగిన పిల్లల పళ్ళపై గోధుమరంగు చారలు ఏర్పడతాయి. ఎంత తోమినా పోవు. పెదవి విప్పి నవ్వడానికి సిగ్గుపడే ఆడపిల్లలు మా వీధిలోనే ఉన్నారు. పరపురుషుని ఎదుట నోరు తెరవలేక నెలల తరబడి లవంగం నొక్కిపెట్టుకుని నొప్పి భరించే తల్లులూ ఉన్నారు.

బ్యాంకు అప్పు దొరికేదే. వడ్డీ వద్దని ఆ కుటుంబం నిశ్చయించుకుంది. అమ్మాయి దాచుకున్నది లక్షన్నర. రియాద్‌లో ఉద్యోగం చేస్తున్న అన్న మూడు లక్షలు పంపుతానన్నాడు. మామూ రెండు లక్షలు ఇస్తానన్నారు. అమ్మీ తన గాజులు తీసి ఇచ్చింది. బడే అబ్బా బజారులోని తన కొట్టును అద్దె లేకుండా వాడుకోమన్నారు. ఇందులో ఏది కానుక, ఏది అప్పు, ఏది వాటా అని మేము అడిగితే మిత్రుడు నవ్వేశారు. "లెక్కలెందుకు మౌలానా, అందరం మనవాళ్ళమే కదా!"

సరిగ్గా ఈ మాటే మేము పద్దెనిమిదేళ్ళ క్రితం విన్నాము. ఇద్దరు అన్నదమ్ములు మందుల దుకాణం తెరిచారు. సొమ్ము అన్నది, శ్రమ తమ్ముడిది. ప్రారంభం నాడు దుఆ చేసింది మేమే. అన్న మా కళ్ళెదుటే నోట్లకట్ట తమ్ముడి చేతిలో పెట్టి "అంతా నీదే అనుకో" అన్నారు. మేము మాషా అల్లాహ్ అన్నాము, మిఠాయి తిన్నాము, వచ్చేశాము. తొమ్మిదేళ్ళ తర్వాత అదే మాట పట్టుకుని ఇద్దరూ మా గుమ్మం ఎక్కారు. అది కానుక అన్నాడు తమ్ముడు. పెట్టుబడి, లాభంలో సగం నాది అన్నారు అన్న. "మీ ఎదుటే కదా హజ్రత్, మీరే చెప్పండి" అని ఇద్దరూ అడిగారు. మేము చెప్పలేకపోయాము. తర్వాత కొన్నేళ్ళకు ఆ అన్న జనాజా నమాజులో తమ్ముడు చివరి వరుసలో నిలబడి, కబ్రస్తాన్ దాకా రాకుండానే వెళ్ళిపోవడం కూడా మేము చూశాము.

దివ్య ఖుర్ఆన్‌లోని ఆయతులన్నిటిలో అతి దీర్ఘమైనది అల్ బఖరా సూరాలోని 282వ ఆయతు. అది నమాజు గురించి కాదు, ఉపవాసం గురించీ కాదు. గడువు పెట్టుకుని అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు దానిని వ్రాసుకోవడం గురించి, సాక్షులను ఉంచుకోవడం గురించి. మొత్తం చిన్నదైనా పెద్దదైనా వ్రాయడానికి విసుగుపడకూడదని అందులోనే ఉంది. బంధువులకు మినహాయింపు లేదు. ఈ ఆయతును పిల్లలకు ఎన్నిసార్లు పాఠం చెప్పామో లెక్కలేదు. దుకాణం ప్రారంభం నాడు మాత్రం అది మాకు గుర్తు రాలేదు.

మరుసటి జుమా తర్వాత అందరినీ కూర్చోబెట్టాము. ముందు కొట్టు సంగతి. దంతవైద్యుని కుర్చీ ఇంట్లోని కుర్చీ వంటిది కాదట. నేల తవ్వి నీటి గొట్టం, మురుగు గొట్టం, గాలి గొట్టం, కరెంటు తీగ దాని కిందికి తేవాలి. ఒకసారి బిగించాక మరోచోటికి మార్చాలంటే మళ్ళీ అంత ఖర్చూ పెట్టవలసిందే. వాడుకోమని ఉచితంగా ఇచ్చిన దానిని షరీఅత్ పరిభాషలో ఆరియత్ అంటారు. యజమాని అడిగిన నాడు తిరిగి అప్పగించాలి. బడే అబ్బా మనసు మారకపోవచ్చు, కానీ రేపు ఆయన వారసులకు ఆ కొట్టు అవసరం కావచ్చు. కనుక నెలకు రెండు వేల అద్దె, ఐదేళ్ళ గడువు పెట్టి, రిజిస్టరు చేయించమన్నాము. ఏడాదికి మించిన అద్దె ఒప్పందానికి చట్టం కూడా రిజిస్ట్రేషన్ కోరుతుంది. "నా తమ్ముడి బిడ్డ దగ్గర నాకు కాగితమా?" అని బడే అబ్బా లేచి వెళ్ళిపోయారు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు తానే స్టాంపు కాగితం కొని తెచ్చారు.

అన్న ఫోనులో, తన మూడు లక్షలకు నెలనెలా ఐదు వేలు పంపితే చాలన్నాడు. లాభం వచ్చినా రాకున్నా ఇవ్వవలసిన స్థిరమైన మొత్తం వడ్డీయే అవుతుంది, దానికి లాభమని పేరు పెట్టినా సరే. పాపం, ఆ అబ్బాయికి ఆ సంగతి తట్టలేదు. చివరికి భాగస్వామ్యం కుదిరింది. అమ్మాయి వైపు మూడు లక్షలు, అన్నవి మూడు లక్షలు. పని చేసేది ఆమె గనుక ఖర్చులు పోను మిగిలిన లాభంలో మూడు వంతులు ఆమెవి, ఒక వంతు అన్నది. నష్టం వస్తే మాత్రం పెట్టుబడి నిష్పత్తిలో, అంటే చెరిసగం.

కష్టమైనది గాజుల విషయం. "బిడ్డకు ఇచ్చాను, తిరిగి తీసుకుంటానా?" అంది ఆ తల్లి పరదా వెనుక నుండి. ఆమెకు మరో ఇద్దరు పిల్లలున్నారు. సంతానంలో ఒకరికే కానుక ఇచ్చిన తండ్రికి సాక్షిగా ఉండడానికి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) నిరాకరించిన సంగతి వివరించాము. అయితే అప్పే అనుకోండి అందామె. అప్పుగా ఇస్తున్నది బంగారమా, రూపాయలా? తల్లి తానే గాజులు అమ్మి లక్షన్నర ఇస్తే, ఎన్నేళ్ళ తర్వాతైనా తిరిగి రావలసింది లక్షన్నరే. గాజులనే అప్పుగా ఇస్తే, ధర ఎంత పెరిగినా అంతే తూకం బంగారం తిరిగి ఇవ్వాలి. కంసాలి దగ్గరకు వెళ్ళకముందే తేల్చుకోవలసిన మాట ఇది. ఆమె ఒక రాత్రి ఆలోచించి, "చిన్నమ్మాయి పెళ్ళికి నాకు గాజులే కావాలి" అని కబురు పంపింది. ఆ మాట విన్న మన డాక్టరమ్మ ముఖం వాడిపోయింది. కాసేపటికి "సరే హజ్రత్, ప్రతి నెలా కొంచెం కొంచెం బంగారం కొని పక్కన పెడతాను" అంది. తల్లీకూతుళ్ళ మధ్య ఇంత పట్టింపు ఏమిటని కొందరికి అనిపించవచ్చు. మాకూ కొంత అనిపించింది.

మామూది తేలికగానే తేలింది. రెండు లక్షలతో కుర్చీని ఆయనే తన పేర కొని నెలకు నాలుగు వేల అద్దెకిస్తారు. వస్తువు ఆయనది కనుక ఆ అద్దె హలాల్. వాడుకలో పొరపాటేమీ లేకుండా యంత్రం చెడితే బాగు చేయించేది కూడా ఆయనే. "మోటారు కాలితే నేనా?" అని ఒకటికి రెండుసార్లు అడిగి ఒప్పుకున్నారు.

దంతవైద్య మండలి నమోదు, ఎక్స్‌రే యంత్రానికి అణుశక్తి నియంత్రణ మండలి వద్ద నమోదు, వాడిన సూదులకు తెల్ల డబ్బా, రక్తం అంటిన దూదికి పసుపు సంచి, ఇవన్నీ ఆమెకు మాకంటే బాగా తెలుసు. రమజాన్ పగటిపూట రోగులు రారేమోనని మాత్రం అడిగింది. గొంతులోకి ఏదీ దిగకుండా చూసుకుంటే పన్ను తీయించుకోవడం వల్ల గానీ, మత్తు సూది వల్ల గానీ ఉపవాసం భంగం కాదని గోడకు వ్రాసి పెట్టమన్నాము. కుర్చీ, యంత్రాల వంటి పనిముట్లపై జకాత్ లేదని, నిసాబ్‌కు చేరి ఏడాది నిలిచిన నగదుపై ఉందని కూడా చెప్పాము.

ప్రారంభం నాడు దుఆకు ముందే కాగితాలు బయటికి తీశారు. మామూ అన్నిటినీ పైకి చదివారు. ప్రతి పత్రం కింద ఇద్దరు సాక్షుల సంతకాలు ఉన్నాయి, వాటిలో ఒకటి మాది. తల్లి తన ప్రతిని మడిచి, గాజులు ఉండే డబ్బాలోనే పెట్టిందని మిత్రుడు తర్వాత చెప్పారు.